కట్ట విప్పితేనే లెక్క తెలిసింది!

ఓ చిన్న ప్రశ్న. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరవకుండా చెప్పండి. 11.75 అడుగులంటే ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు?

గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ అంకె కొత్త కాదు. ఏటా వరదల కాలంలో టీవీ స్క్రోలింగుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేదే. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. లంక గ్రామాల్లో పిల్లలకి పదమూడో ఎక్కం రాకపోయినా ఈ మూడు అంకెలూ నోటికొచ్చేస్తాయి.

నోటికి రావడం వేరు, అర్థం కావడం వేరు. కోనసీమలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో అయిదో తరగతి పిల్లల్ని ఇదే ప్రశ్న అడిగారు. ఉన్న ఆరుగురిలో నలుగురు ‘పదకొండు అడుగుల డెబ్బై అయిదు అంగుళాలు’ అన్నారు. అందులో ఒకడు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి, “అయితే పదిహేడు అడుగులు దాటేసిందండి టీచర్! మూడో హెచ్చరిక దగ్గరికి ఒచ్చేసినట్టే కదండి” అన్నాడు.

వాడి కూడిక తప్పు కాదు. 75 అంగుళాలంటే ఆరడుగుల మూడంగుళాలే. పదకొండుకి కలిపితే పదిహేడు దాటుతుంది. వాడికి తెలియనిది ఆ చుక్క ఒక్కటే. లంకలో ఇల్లున్న పిల్లాడికి ఆ చుక్క అర్థం కాకపోతే, మొదటి హెచ్చరికకీ మూడో హెచ్చరికకీ తేడా తెలియనట్టే.

సరైన జవాబు పదకొండు అడుగుల తొమ్మిది అంగుళాలు. ఆ టీచర్ దాన్ని బోర్డు మీద రాసి వదిలేయలేదు. అడుగు పొడవున్న కాగితం రిబ్బన్లు పిల్లలకి తలా ఒకటి ఇచ్చింది. సగానికి మడవమంది. మళ్ళీ సగానికి మడవమంది. విప్పితే నాలుగు సమాన భాగాలు. “ఈ అడుగుని వంద ముక్కలు చేశామనుకోండి. ఒక్కో మడతలో ఎన్ని ఉంటాయి?” అని అడిగింది. ఇరవై అయిదు. “మరి డెబ్బై అయిదు కావాలంటే?” మూడు మడతలు. స్కేలు పెట్టి కొలిస్తే తొమ్మిది అంగుళాలు.

తర్వాత అందరూ కలిసి వరండాలో గోడ వారగా పదకొండు రిబ్బన్లు, దాని పక్కన మూడు మడతలు పరిచారు. సుద్దముక్కతో గీత గీశారు. 13.75కి ఇంకో గీత. 17.75 గీత వరండా దాటిపోయి మెట్ల దగ్గర పడింది. ఇది ఊళ్ళో నీటి లోతు కాదనీ, బ్యారేజీ దగ్గర కొలబద్ద చూపించే అంకె అనీ టీచర్ మరీ మరీ చెప్పింది. పదిహేడు దాటేసిందన్న కుర్రాడు మొదటి గీత దగ్గర్నుంచి మూడో గీత దాకా రెండుసార్లు నడిచి చూసుకున్నాడు.

అక్క బడిలో మూడు రోజులు

ఆ టీచర్ మా పెద్దమ్మ కూతురు. రాజమండ్రి దగ్గర బొమ్మూరు డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేసింది. తొమ్మిదేళ్ళుగా ఎస్జీటీ. “నా పేరూ ఒద్దు, బడి పేరూ ఒద్దు, ఏం రాసుకుంటావో రాసుకో” అంది కాబట్టి పేర్లు లేవు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికినప్పుడల్లా ఊరొస్తుంటాను. ‘యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్’ అని పెద్ద పెద్ద ఇంటర్నేషనల్ స్కూళ్ళ హోర్డింగుల మీద చదువుతుంటాం కదా. రెండు గదులు, ఇద్దరు టీచర్లు, పద్దెనిమిది మంది పిల్లలున్న సర్కారు బడిలో అది ఎలా ఉంటుందో చూద్దామని మూడు రోజులు సెలవు పెట్టి వెనక బల్ల మీద కూర్చున్నాను.

ఏ ఖరీదైన సామానూ కనబడలేదు. కొబ్బరాకు ఈనెలు తీసి జానెడు ముక్కలుగా కోసిన పుల్లలు, చింతపిక్కలు, సీసా మూతలు, రబ్బరు బ్యాండ్లు, రెండు పాత ఇత్తడి సోలలు. కోనసీమలో వీటిలో దేనికీ డబ్బులు పెట్టక్కర్లేదు, రబ్బరు బ్యాండ్లకి తప్ప.

42 లోంచి 17 తీస్తే 35?

మొదటి రోజు రెండో తరగతి లెక్కలు. రెండు జడల అమ్మాయి ఒకతి పలక మీద 42 రాసి, కింద 17 రాసి, జవాబు 35 అని వేసింది. అక్క ఇంటూ కొట్టలేదు. “అలాగా! అయితే నలభై రెండు పుల్లలు తే. పదిహేడు నాకిచ్చెయ్” అంది.

ఆ బడిలో పది పుల్లలకి ఒక రబ్బరు బ్యాండ్ వేసి కట్ట కడతారు. ఆ పిల్ల నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు తెచ్చింది. ఒక కట్ట టీచర్ చేతిలో పెట్టింది. ఇంకా ఏడు ఇవ్వాలి. చేతిలో విడివి రెండే ఉన్నాయి. ఆగిపోయింది. అక్క వైపు చూసింది. అక్క కావాలనే కిటికీ వైపు తిరిగింది. నిమిషం పైనే అయింది. నాకైతే లేచి చెప్పేద్దామనిపించింది. చివరికి పక్కనున్న పిల్లాడే, “కట్ట విప్పేయవే” అన్నాడు.

విప్పింది. రెండుకి పది కలిసి పన్నెండు. ఏడు ఇచ్చేసింది. చేతిలో రెండు కట్టలు, అయిదు పుల్లలు మిగిలాయి. ఇరవై అయిదు. ఒకసారి పుల్లల్ని, ఒకసారి పలకని చూసి, “టీచర్, పలక తప్పు చెప్తోందండి!” అంది.

మనందరం చిన్నప్పుడు ఈ లెక్క చేశాం. “రెండులోంచి ఏడు పోదు కాబట్టి పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో” అని నేర్చుకున్నాం. ఒకటి తెస్తే రెండు పన్నెండు ఎలా అయిందో ఎవరూ అడగలేదు. ఓసారి అక్క క్లాసులో ఒకడు, “అప్పు అన్నాక తీర్చాలి కదండి, మరి ఎప్పుడు తీరుస్తామండి?” అని అడిగాడట. అప్పట్నుంచి అక్క అప్పు అనడం మానేసి, ‘కట్ట విప్పడం’ అంటోంది. వచ్చింది ఒకటి కాదు, ఒక పది. అది చేత్తో విప్పిన పిల్లకి వేరే చెప్పక్కర్లేదు.

మా భాషలో చెప్పాలంటే ఇది బగ్

42 లోంచి 17 తీస్తే 35 వేయడం అజాగ్రత్త కాదు. ఆ అమ్మాయి ఒక రూల్ పాటించింది. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలి. ఏడులోంచి రెండు పోతే అయిదు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు. ఇలాంటి పొరపాట్లని 1978లోనే జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు వర్గీకరించారు. వాటికి వాళ్ళు పెట్టిన పేరు కూడా ‘బగ్’లే. పిల్లలు తీసివేతల్లో తోచినట్టు తప్పులు చేయరు, చాలాసార్లు ఒక తప్పు రూల్‌ని పద్ధతి ప్రకారం పాటిస్తారు అన్నది వాళ్ళు చూపించిన విషయం.

కోడ్ తప్పుగా పనిచేస్తుంటే మేం మధ్యమధ్యలో ప్రింట్ స్టేట్‌మెంట్లు పెట్టి ఏ లైన్ దగ్గర దారి తప్పిందో చూస్తాం. చివరి అవుట్‌పుట్ ఒక్కటే చూస్తే బగ్ దొరకదు. నోట్‌బుక్‌లో 35 అన్నది చివరి అవుట్‌పుట్ మాత్రమే. పిల్ల చేతులు కదులుతుంటే మధ్యలో జరిగేదంతా టీచర్ కళ్ళకి కనబడుతుంది. ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, ఏది ముందు ముట్టుకుంది... అన్నీ. చేత్తో చేయించే పాఠం వల్ల పిల్లకి ఎంత లాభమో టీచర్‌కీ అంతే లాభమని నాకు ఆ రోజే తెలిసింది.

మన రాష్ట్రానికి ఇది కొత్త కాదు

చేతులతో నేర్పడం అనగానే మాంటిస్సోరి గుర్తొస్తారు. 1907లో రోమ్‌లో మొదటి బడి తెరిచిన ఆవిడ 1939లో మద్రాసు వచ్చి, ఏళ్ళ తరబడి మన దేశంలోనే ఉండి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. పిల్లలు ఏదైనా ముందు చేత్తో, తర్వాత బొమ్మతో, ఆ తర్వాత గుర్తులతో తెలుసుకుంటారని 1960ల్లో జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వవేత్త ఒక చట్రం ఇచ్చారు.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇది ఒక ప్రభుత్వ కార్యక్రమంగా నడిచింది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. పాత టీచర్లు ‘అప్పెప్’ అంటారు. దానికి ఆరు సూత్రాలు. పిల్లలకి కృత్యాలు కల్పించాలి. చేసి, కనుక్కుని, ప్రయోగం చేసి నేర్చుకోనివ్వాలి. ఒంటరిగా, జట్లుగా, తరగతి మొత్తంగా పని చేయించాలి. పిల్లాడికీ పిల్లాడికీ ఉండే తేడాని గుర్తించాలి. స్థానిక పరిసరాల్ని వాడుకోవాలి. పిల్లలు చేసినవి గోడల మీద ప్రదర్శించి తరగతిని ఆసక్తిగా ఉంచాలి.

అదే రోజుల్లో చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల బడుల కోసం ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ తయారుచేశారు. ఒకే టీచర్ అన్ని తరగతులూ చూడాల్సిన చోట, పిల్లలు కార్డులు, నిచ్చెనలాంటి చార్టు సాయంతో ఎవరి వేగంతో వాళ్ళు ముందుకెళ్ళే పద్ధతి ఇది. ఆ స్ఫూర్తితోనే 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, తమిళనాడు తర్వాత రాష్ట్రమంతటా అమలుచేసింది.

ఇంజినీర్లకి నచ్చే పేరు ఇంకొకటుంది. అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో చదివి టెల్కోలో ఉద్యోగం చేస్తూ, 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమానికి వెళ్ళారు. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలతో త్రిభుజాలు, ఘనాలు కట్టించారు. చెత్తతో బొమ్మలు చేయడం దేశమంతా నేర్పిన ఆయనకి 2018లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడైతే ప్రభుత్వాలే అడుగుతున్నాయి. 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యే ప్రతి పిల్లకీ చదవడం, ప్రాథమిక లెక్కలు రావాలని. 2023లో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం ఆటవస్తువులు, పజిళ్ళు, కార్డులతో ‘జాదూయీ పిటారా’ కూడా విడుదల చేశారు.

బీరువాలో దాచిన బొమ్మలు

మరి ఇన్నేళ్ళుగా చెబుతున్నా ప్రతి బడిలోనూ ఎందుకు కనబడదు? నాకు తోచింది చెబుతాను.

ఆరు సూత్రాల్లో తనిఖీకి వచ్చినవాళ్ళకి వెంటనే కనబడేది ఏది? గోడ మీది ప్రదర్శన. కష్టపడకుండా చూపించగలిగేది కూడా అదే. టీఎల్ఎం మేళాలని జరుగుతుంటాయి. టీఎల్ఎం అంటే బోధనోపకరణాలు. టీచర్లు రాత్రంతా కూర్చుని థర్మోకోల్‌తో, రంగు కాగితాలతో అందంగా చేస్తారు. ఫొటోలు గ్రూపుల్లో పెడతారు. తర్వాత అవి బీరువాలోకి వెళ్ళిపోతాయి, పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయి కాబట్టి!

అక్క బడిలో పుల్లలు విరిగిపోయి ఉంటాయి. చింతపిక్కలు అరిగిపోయి ఉంటాయి. “విరిగిపోయిందంటే వాడారని” అంటుంది. బొమ్మ ఎంత అందంగా ఉంది అన్నది కాకుండా, అది ఎవరి చేతిలో ఉంది అన్నది చూడాలి. టీచర్ చేసి చూపిస్తే పిల్లలకి అది సినిమాయే. చేతులు వాళ్ళవి అయితేనే పాఠం.

సోలలో దాగిన మెమరీ కార్డు

రెండో రోజు మూడు, నాలుగు తరగతుల వాళ్ళకి కొలతలు. గిద్ద, సోల, తవ్వ... ఇంట్లో అమ్మమ్మ నోట వినడమే తప్ప చాలామంది చేత్తో పట్టుకోలేదు. అక్క బకెట్‌తో ఇసుక పెట్టి, “సోల నిండడానికి ఎన్ని గిద్దలు? ముందు ఊహించి రాయండి, తర్వాత పొయ్యండి” అంది. మూడు, అయిదు, పది అని రకరకాలుగా రాశారు. పోసి చూస్తే నాలుగు.

అలా పోసుకుంటూ, పట్టిక రాసుకుంటూ పైకెళ్ళారు. రెండు గిద్దలు అరసోల. నాలుగు సోల. ఎనిమిది తవ్వ. పదహారు మానిక. అక్కడికి బకెట్‌లో ఇసుక అయిపోయింది. “ఇంకా పైన రెండు కొలతలున్నాయి. ఈ పట్టిక చూసి అవెంతో చెప్పండి” అంది అక్క. ముప్ఫై రెండు అడ్డ, అరవై నాలుగు కుంచం. పోయకుండానే చెప్పేశారు, ప్రతిసారీ రెట్టింపవుతోందని పట్టేశారు కాబట్టి.

ఆ పట్టిక నేనూ చూశాను. 1, 2, 4, 8, 16, 32, 64. మీ ఫోన్ మెమరీ కార్డుల మీద ఉండే అంకెలే! కంప్యూటర్ పుట్టకముందే మన ధాన్యం గాదెల దగ్గర రెండు హెచ్చింపులతో కొలతలు నడిచాయన్నమాట. కారణం సులువే. దేన్నయినా సగం చేయడం చేతికి తేలిక.

అంగట్లో వచ్చే లెక్క పలక మీద రాదెందుకు?

చేత్తో చేస్తే చాలు, అన్నీ వచ్చేస్తాయా? రావు. ఇది చాలామంది మర్చిపోయే విషయం.

2025లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్న బృందం చేసింది. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలు సరుకుల బేరం కాగితం లేకుండా నోటితో లెక్కకట్టేస్తారు. అలాంటి లెక్కనే బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే చాలామంది చేయలేకపోయారు. బడి లెక్కలు బాగా చేసే పిల్లలు మార్కెట్ లెక్క ఇస్తే తడబడ్డారు. ఒకచోట వచ్చిన లెక్క దానంతటదే రెండో చోటికి వెళ్ళడం లేదు.

మన దగ్గరా అంతే. కొట్లో యాభై నోటు ఇస్తే ముప్ఫై రెండు పోను పద్దెనిమిది రూపాయలు చిల్లర లెక్కపెట్టి ఇచ్చే పిల్లాడు, పలక మీద అదే తీసివేత చూసి తల గోక్కుంటాడు. మధ్యలో వంతెన లేదు.

ఆ వంతెన కట్టడమే అక్క పనిలో కష్టమైన భాగం. కట్ట విప్పిన అమ్మాయిని అక్కడితో వదల్లేదు. మళ్ళీ మొదట్నుంచి చేయించింది. ఈసారి చేత్తో ఒక్కో పని చేసినప్పుడల్లా పలక మీద ఒక్కో గీత. కట్ట విప్పగానే 4 కొట్టేసి 3. విడి పుల్లలు పన్నెండయ్యాయి కాబట్టి 2 పక్కన 1. ఏడు ఇచ్చేశాక కింద 5. కట్ట ఇచ్చేశాక 2. మూడో లెక్కకి పుల్లల బదులు నోట్సులో కట్టల బొమ్మలు. మర్నాటికి బొమ్మలు కూడా లేవు, అంకెలే. పుల్లలు మాత్రం బల్ల మీద అలాగే ఉన్నాయి. అనుమానం వస్తే చెయ్యి చాస్తుంది, అంతే.

“ఆటలాడిస్తున్నారటగా?”

మూడో రోజు మధ్యాహ్నం ఒక తల్లి వచ్చింది. “ఏవండీ టీచర్ గారూ, మావాడు ఇంటికొచ్చి ఇసకలో ఆడుకున్నాం అంటున్నాడండి. కాన్వెంటు పిల్లలు రోజుకి నాలుగు పేజీలు రాస్తన్నారు. మావాడి నోట్సు చూస్తే ఒకటే పేజీ!”

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఈ పద్ధతికి సమయం పడుతుంది. బోర్డు మీద అరగంటలో అయ్యే తీసివేతలకి అక్క మూడు రోజులు తీసుకుంటుంది. ఈలోగా సిలబస్, పరీక్షలు, యాప్‌లో ఎక్కించాల్సిన వివరాలు ఆగవు. ఒక తరగతి ఇసుక కొలుస్తుంటే పక్క తరగతి చేత ఏదో రాయించాలి. ఈ జూన్‌లో ఇద్దరు పిల్లలు ప్రైవేటు బడికి వెళ్ళిపోయారు. ఇరవై మంది పద్దెనిమిది అయ్యారు. పిల్లలు ఇంకా తగ్గితే బడి ఉంటుందో లేదో అన్న భయం ఆ ఊళ్ళో అందరికీ ఉంది.

అక్క వాదించలేదు. వాడి నోట్సు తెచ్చి ఆ ఒక్క పేజీ తెరిచింది. పైన ఊహించిన అంకె, పక్కన కొలిచిన అంకె, కింద సోల బొమ్మ, ఆ కింద వాడి సొంత మాటల్లో ఒక వాక్యం: ‘సోల చూస్తే చిన్నది కానీ నాలుగు గిద్దలు పట్టేసింది.’ “ఇది చూసి రాసింది కాదండి, వాడే రాశాడు. మానికకి ఎన్ని గిద్దలో మీరే అడగండి” అంది. ఆవిడ అడిగింది. వాడు చెప్పాడు. ఆవిడ నవ్వి, “సరేనండి, కానీ రాత కూడా కాస్త పెంచండి” అని వెళ్ళింది. ఇప్పుడు ప్రతి కృత్యం చివరా ఇంకో అరపేజీ రాయిస్తోంది అక్క. మంచి సలహాయే.

వెళ్ళేముందు, బడికి ఏమైనా కొనిపెట్టమంటావా, ప్రొజెక్టర్ లాంటిది అని అడిగాను. “రబ్బరు బ్యాండ్లు పంపు. ఎండకి తెగిపోతున్నాయి” అంది. కిలో ప్యాకెట్ పంపించాను.

ఇంట్లో మీరూ చేయొచ్చు

మీ ఇంట్లో తమ్ముడో, చెల్లో, మేనల్లుడో ప్రాథమిక బడిలో ఉంటే ఈ ఆదివారం ప్రయత్నించండి.

* పుల్లల కట్టలు: చీపురు పుల్లలు వంద ముక్కలు చేసి పదేసి కట్టలు కట్టించండి. 50 లోంచి 23 తియ్యమనండి. మీరు కట్ట విప్పకండి, వాళ్ళనే విప్పనివ్వండి.
* వామనగుంటలు: పద్నాలుగు గుంటల్లో అయిదేసి చింతపిక్కలు వేస్తే మొత్తం ఎన్ని? ముందు ఊహ, తర్వాత లెక్క. అందులో ఇరవై పిక్కలు నాలుగు గుంటలకి పంచితే? భాగహారం మొదలైపోయినట్టే.
* సోల, గిద్ద: లేకపోతే ఒక గ్లాసు, ఒక చిన్న కప్పు చాలు. దీనిలోకి అవి ఎన్ని పడతాయో ఊహించి, పోసి, రాయమనండి.
* కిరాణా చీటీ: సరుకులు కొన్నాక నోటితో లెక్క చెప్పించండి. ఇంటికొచ్చాక అదే లెక్క కాగితం మీద వేయించండి. రెండూ చేయిస్తేనే పని పూర్తయినట్టు.

అన్నిటికీ ఒకే షరతు. పిల్లలు ఆగిపోతే వెంటనే అందుకుని చెప్పేయకండి. ఓ నిమిషం మీరూ కిటికీలోంచి బయటకి చూడండి.

ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి మీ ఇంట్లోంచి ఎవరు వెళ్ళినా, మార్కులు ఎన్ని అని అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగమనండి. “ఈ వారం మావాడు చేత్తో ఏం చేశాడండీ? చేసినదాని గురించి ఏం రాశాడండీ?”